సూది వేసే చేతికి బీమా అండ ఏది?

2024 జులై 1న భారతీయ శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. ఆ మార్పుపై పత్రికల్లో చర్చోపచర్చలు సాగాయి గాని, అందులోని 106వ సెక్షన్ సరిహద్దు పల్లెల ఇళ్ల దాకా రాలేదు. ముఖ్యంగా ఆడపిల్లను నర్సింగ్ చదివించి చెన్నై పంపిన ప్రతి ఇంటికీ అది తెలియవలసిన సెక్షన్. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే పాత 304-ఏ సెక్షన్ కింద ఎవరికైనా గరిష్ఠ శిక్ష 2 ఏళ్లే. కొత్త చట్టం దానిని 5 ఏళ్లకు పెంచింది. వైద్య ప్రక్రియ జరుపుతుండగా అటువంటి మరణం సంభవిస్తే, రిజిస్టరు అయిన వైద్యునికి మాత్రం 2 ఏళ్ల పరిమితినే ఉంచింది. ఆ మినహాయింపు ఎవరికి వర్తిస్తుందో వివరణలో స్పష్టంగా చెప్పారు. జాతీయ వైద్య కమిషన్ చట్టం గుర్తించిన అర్హత కలిగి, వైద్యుల రిజిస్టరులో పేరు నమోదైన వారికే అది. నర్సు పేరు ఆ రిజిస్టరులో ఉండదు. అంటే ఒకే మంచం దగ్గర, ఒకే రోగి విషయంలో, ఒకే అభియోగం మీద డాక్టరుకు గరిష్ఠంగా 2 ఏళ్లు, ఆయన రాసిన మందును ఎక్కించిన నర్సుకు 5 ఏళ్లు శిక్ష పడే అవకాశం ఉన్నది.

ఈ అసమానతను పార్లమెంటు కావాలని కల్పించిందా, నర్సుల సంగతి స్ఫురణకు రాక వదిలిందా అన్నది వేరే చర్చ. పర్యవసానం మాత్రం ఒక్కటే. జీతంలోనూ అధికారంలోనూ ఆసుపత్రి మెట్లలో కింద నిలిచిన మనిషికి చట్టం ముందు పెద్ద ప్రమాదం ఏర్పడింది. ఆ ప్రమాదానికి ఎదురు నిలిచే ఏర్పాట్లలో వృత్తి బాధ్యతా బీమా ఒకటి. ఆసుపత్రి వ్యవహారంలో దీనినే ఇండెమ్నిటీ పాలసీ అంటారు. ఈ పాలసీ ఎవరి పేర ఉన్నది, ఎవరిని కాపాడుతుంది అన్న ప్రశ్నను ఉద్యోగంలో చేరేనాడు అడిగే నర్సులు అరుదు. అడగవచ్చునన్న సంగతే చాలామందికి తెలియదు.

తిరువొత్తియూరును తీసుకుంటే విషయం తేటపడుతుంది. త్యాగయ్య త్రిపురసుందరీదేవిపై తెలుగులో పంచరత్న కీర్తనలు రచించిన క్షేత్రమది. 2011లో చెన్నై మహానగర పాలక సంస్థలో విలీనం అయ్యేవరకు అది ప్రత్యేక పురపాలక సంఘం. గుమ్మిడిపూండి వైపు నడిచే లోకల్ రైళ్లు అక్కడ ఆగుతాయి. 2021 ఫిబ్రవరిలో మెట్రో కూడా ఆ ఊరు దాటి విమ్కో నగర్ దాకా వచ్చింది. తడ, సూళ్లూరుపేట, సత్యవేడు, వరదయ్యపాళెం ప్రాంతాల వారికి మద్రాసు అంటే ముందుగా తగిలేది ఈ ఉత్తర కొసే. ఎన్నూరు, మణలి ఫ్యాక్టరీల కార్మిక కుటుంబాలకు వైద్యం చేసే చిన్న, మధ్య తరహా నర్సింగ్ హోములలో తెలుగు, తమిళం రెండూ మాట్లాడగలిగిన నర్సుకు గిరాకీ ఉంటుంది. పెద్ద కార్పొరేట్ ఆసుపత్రిలో న్యాయ విభాగం, నాణ్యతా విభాగం, బీమా దళారి అందరూ ఉంటారు. 20, 30 పడకల నర్సింగ్ హోములో రాత్రి డ్యూటీ నాడు ఉండేది ఒక డ్యూటీ డాక్టరు, ఇద్దరు ముగ్గురు సిస్టర్లు, ఒక ఆయమ్మ. తప్పు జరిగినా, జరిగిందన్న అనుమానం వచ్చినా, రోగి బంధువుల కంటికి ముందుగా కనబడేది చేతిలో సిరంజీ ఉన్న మనిషే.

ఇంతకూ ఈ బీమా ఏమిటి? జీవిత బీమా కాదు, ప్రమాద బీమా కాదు, ఈఎస్‌ఐ కాదు. అవన్నీ నర్సుకు ఏదైనా జరిగితే ఆమెకో, ఆమె ఇంటివారికో ఇచ్చేవి. కోవిడ్ కాలంలో, 2020 మార్చి నెలాఖరు నుంచి, ప్రధానమంత్రి గరీబ్ కల్యాణ్ ప్యాకేజీ కింద ఆరోగ్య కార్యకర్తలకు కేంద్రం ఏర్పాటు చేసిన 50 లక్షల రూపాయల బీమా కూడా ఆ కోవలోదే. విధి నిర్వహణలో ప్రాణం పోతే వారసులకు ఇచ్చే సొమ్ము అది. వృత్తి బాధ్యతా బీమా దీనికి భిన్నం. నర్సు చేసిన పొరపాటు వల్లగాని, చేయవలసినది చేయకపోవడం వల్లగాని రోగికి హాని జరిగిందని తేలితే, రోగికి చెల్లించవలసిన పరిహారాన్ని ఆమె తరఫున బీమా సంస్థ భరిస్తుంది. కేసు నడిపేందుకు అయ్యే వకీలు ఖర్చును కూడా పాలసీ పరిమితికి లోబడి ఇస్తుంది. ఆరోపణ చివరకు నిలవకపోయినా ఖర్చు తప్పదు గనుక, ఈ రెండో భాగమే నర్సుకు ఎక్కువ అక్కరకు వస్తుంది.

పరిహారాల సంగతి ఎందుకింత పెరిగిందంటే 1995 దాకా వెనక్కి పోవాలి. వైద్యసేవ కూడా వినియోగదారుల రక్షణ చట్టం పరిధిలోకి వస్తుందని ఆ ఏడాది నవంబరులో, ఇండియన్ మెడికల్ అసోసియేషన్ - వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అప్పటినుంచి సివిల్ కోర్టు గుమ్మం తొక్కనవసరం లేకుండా రోగులు వినియోగదారుల ఫోరంలకు వెళ్లగలిగారు. 2020లో అమలులోకి వచ్చిన కొత్త వినియోగదారుల చట్టం నుంచి వైద్యులను తప్పించాలన్న ప్రయత్నం 2022లో సుప్రీంకోర్టులో వీగిపోయింది. చెన్నైకే సంబంధించిన ఒక కేసు మొత్తాలు ఎంత పెరిగాయో చూపుతుంది. ఎగ్మూరులోని ప్రభుత్వ ఆసుపత్రిలో 1996లో నెలలు నిండక పుట్టిన శిశువుకు కంటి పరీక్ష చేయించాలన్న సలహా తల్లిదండ్రులకు ఇవ్వలేదు. బిడ్డ చూపు కోల్పోయింది. 2015 జులైలో సుప్రీంకోర్టు అన్నీ కలిపి సుమారు 1 కోటి 80 లక్షల రూపాయల పరిహారం నిర్ణయించింది. ఇంత మొత్తాన్ని ప్రభుత్వం భరించగలదు. 20 పడకల నర్సింగ్ హోము భరించగలదా? బీమా లేనప్పుడు తీర్పు కాగితం చేతికి వచ్చినా సొమ్ము చేతికి రాదు. సరిహద్దు పల్లెలవారు ఆ ఆసుపత్రులకు సిస్టర్లుగానే కాదు, రోగులుగానూ వెళుతున్నారు. ఈ బీమా ఉండటం రెండు పక్షాలకూ అవసరం.

ఆసుపత్రే చెల్లిస్తుంది కదా, నర్సుకెందుకు బెంగ అన్న వాదన ఒకటి ఉన్నది. అందులో సగం నిజం ఉన్నది. ఉద్యోగి పొరపాటుకు యజమాని బాధ్యుడన్నది స్థిరపడిన న్యాయసూత్రం. 2004లో సవితా గార్గ్ కేసులో సుప్రీంకోర్టు ఇంకొక అడుగు ముందుకు వేసి, డాక్టరును, నర్సును విడిగా ప్రతివాదులుగా చేర్చకపోయినా ఆసుపత్రిపై ఫిర్యాదు చెల్లుతుందని, నిర్లక్ష్యం లేదని చూపవలసిన భారం ఆసుపత్రిదేనని చెప్పింది. అందువల్ల వినియోగదారుల కేసుల్లో ఎక్కువ భాగం బరువు యాజమాన్యం మీదనే పడుతుంది. మిగిలిన సగం మాటేమిటి? ఫిర్యాదులో నర్సు పేరు చేర్చకూడదన్న నిషేధం ఎక్కడా లేదు. క్రిమినల్ కేసులో యజమాని బాధ్యత ఉద్యోగి బాధ్యతను తుడిచిపెట్టదు. నర్సింగ్ మండలి క్రమశిక్షణ విచారణకు పిలిస్తే వెళ్లవలసినది ఆమె. అన్నింటికంటె ముఖ్యం, యాజమాన్యం ప్రయోజనమూ నర్సు ప్రయోజనమూ అన్నివేళలా ఒకటి కావు. తప్పు వ్యవస్థది కాదు, ఫలానా సిస్టరుది అని నిరూపిస్తే ఆసుపత్రి పరువు నిలుస్తుందనుకునే పరిస్థితి వచ్చిన రోజున, ఆసుపత్రి పెట్టిన వకీలు ఎవరి వకీలు?

దీనికి ఉదాహరణ కావాలంటే స్ప్రింగ్ మెడోస్ ఆసుపత్రి కేసును మించినది లేదు. ఉత్తర భారతంలో 1993 డిసెంబరులో జరిగిన ఘటన అది. జ్వరంతో చేరిన చిన్నపిల్లవానికి నర్సు ఒక ఇంజెక్షన్‌ను నరంలోకి ఎక్కించింది. బిడ్డ ఆ క్షణమే కుప్పకూలాడు, మెదడు శాశ్వతంగా దెబ్బతిన్నది. జాతీయ కమిషన్ బిడ్డకు 12 లక్షల 50 వేలు, తల్లిదండ్రుల మనోవేదనకు 5 లక్షల రూపాయలు పరిహారంగా నిర్ణయించగా, 1998 మార్చిలో సుప్రీంకోర్టు దానిని ఖాయం చేసింది. తల్లిదండ్రులు కూడా వినియోగదారులేనని చెప్పిన తీర్పుగా న్యాయవాదులు దానిని ఉటంకిస్తారు. నర్సులు గుర్తుంచుకోవలసిన అంశం వేరు. ఆ ఆసుపత్రికి ఇండెమ్నిటీ పాలసీ ఉన్నది. అయినా బీమా సంస్థ మీద భారం పడలేదు. పాలసీ వర్తించేది అర్హత గల సిబ్బంది చేసిన పొరపాట్లకు. ఆ ఇంజెక్షన్ ఇచ్చిన యువతి ఏ రాష్ట్ర నర్సింగ్ మండలిలోనూ నమోదు కాలేదని తేలింది. ప్రీమియం కట్టారు, పాలసీ ఉన్నది, అవసరమైన నాడు ఆ కాగితం పనికి రాలేదు.

ఈ తీర్పు వచ్చి పాతికేళ్లు దాటినా చిన్న ఆసుపత్రుల తీరు పెద్దగా మారలేదు. ఆరు నెలల కోర్సు, ఏడాది సర్టిఫికెట్ చేసిన అమ్మాయికి తెల్లకోటు వేసి, సిస్టర్ అని పిలిచి, సెలైన్ పెట్టే పని అప్పగించడం పల్లెలవారు ఎరగని సంగతి కాదు. తక్కువ జీతానికి దొరుకుతుందని యాజమాన్యం, ఇంటర్ తప్పినా ఉద్యోగం దొరికిందని ఇంటివారు సంతోషిస్తారు. అర్హత లేని చేతికి అప్పగించిన పనికి బీమా రక్షణ ఉండదన్న సంగతి ఇరువురికీ తట్టదు. ఆ పిల్ల మీద కేసు నమోదైతే ఇంటివారు పొలం తాకట్టు పెట్టి వకీలును పెట్టుకోవాలి.

జీఎన్‌ఎం, బీఎస్సీ నర్సింగ్ సక్రమంగా చదివినవారికి ఈ చిక్కు లేదనుకోవడానికీ వీలులేదు. ఆంధ్రప్రదేశ్ నర్సింగ్ మండలిలో నమోదైన నర్సు తమిళనాడులో పనిచేయదలిస్తే అక్కడి నర్సింగ్ మండలిలోనూ నమోదు చేయించుకోవాలి. నెల్లూరులోనో తిరుపతిలోనో చదివి, సర్టిఫికెట్లు ఆసుపత్రి బీరువాలో పెట్టి, తమిళనాడు నమోదు సంగతి రేపు మాపు అనుకుంటూ రెండేళ్లు గడిపేసేవారు ఉంటారు. రోజువారీ పనికి దానివల్ల అడ్డంకి కనబడదు. క్లెయిము వచ్చిన రోజున బీమా సంస్థ అడిగే మొదటి కాగితం ఆ నమోదు పత్రమే. రెండు రాష్ట్రాల మధ్య వాగు దాటినంత సులువుగా మనుషులు దాటుతున్నా, రిజిస్ట్రేషన్ తనంత తాను దాటదు.

పాలసీ భాషలో ఇంకొక మెలిక ఉన్నది. మోటారు బీమాలో ప్రమాదం జరిగిన నాటికి పాలసీ ఉన్నదా అని చూస్తారు. వృత్తి బాధ్యతా బీమాలో సాధారణంగా క్లెయిము వచ్చిన నాటికి పాలసీ అమలులో ఉన్నదా అని చూస్తారు. ఘటన జరిగిన తేదీ కూడా పాలసీలో రాసిన వెనుకటి తేదీకి తరువాతిదై ఉండాలి. వినియోగదారుల చట్టం ప్రకారం ఫిర్యాదుకు 2 ఏళ్ల గడువు ఉన్నది. ఒక నర్సు తిరువొత్తియూరులో పనిచేస్తుండగా ఏదో జరిగిందనుకుందాం. ఆరు నెలలకు ఆమె ఉద్యోగం మాని దుబాయి వెళ్లింది. ఏడాదిన్నరకు నోటీసు వచ్చింది. ఈలోగా ఆసుపత్రి పాలసీని పొడిగించకపోతే, లేదా సంస్థను మార్చి వెనుకటి తేదీని నిలుపుకోకపోతే, ఘటన నాడు ఉన్న రక్షణ నోటీసు నాడు ఉండదు. పాలసీ పేరున్న సంస్థది కావడం కంటె అది తెగకుండా కొనసాగడం ముఖ్యం.

సరిహద్దు వారికి ప్రత్యేకమైన అంశం మరొకటి. పాత చట్టం కింద ఫిర్యాదును ప్రతివాది ఉన్నచోటనో, ఘటన జరిగినచోటనో వేయవలసి వచ్చేది. 2019 చట్టం ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే వేసుకునే వెసులుబాటు ఇచ్చింది. చెన్నైలో వైద్యం చేయించుకున్న తడ మండలం రైతు తన సొంత జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. రోగికి ఇది గొప్ప మేలు, కాదనలేము. తిరువొత్తియూరు నర్సు మాత్రం రాష్ట్రం దాటి వచ్చి సమాధానం చెప్పుకోవాలి. వాయిదా ఖర్చులు, పోగొట్టుకున్న డ్యూటీలు, వకీలు ఫీజు ఆమె జీతంతో తూగేవి కావు. 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రుల్లో సైతం నర్సుకు నెలకు కనీసం 20 వేల రూపాయలు ఇవ్వాలని, సుప్రీంకోర్టు ఆదేశంపై కేంద్రం నియమించిన నిపుణుల కమిటీ 2016లో సిఫార్సు చేసింది. ఆ సిఫార్సే చాలాచోట్ల కాగితాలకు పరిమితమైనప్పుడు, నర్సు తన జేబులోంచి ప్రీమియం కట్టుకోవాలనడం భావ్యం కాదు. అది యజమాని బాధ్యత. పైగా ప్రభుత్వరంగ బీమా సంస్థల పాలసీలు ప్రధానంగా వైద్యులనూ, ఆసుపత్రులనూ దృష్టిలో పెట్టుకొని రూపొందినవి. నర్సు ఆ పాలసీలో సిబ్బంది అనే మాట కింద ఇమిడిపోతుందే తప్ప స్వతంత్రంగా కనబడదు. ఇంటికి వెళ్లి వృద్ధులకు సేవచేసే హోం నర్సింగ్ వారి పరిస్థితి మరీ అధ్వానం. వారి వెనుక ఆసుపత్రీ లేదు, దాని పాలసీ కూడా లేదు.

బీమా ఉంటే అన్నీ గట్టెక్కుతాయని నమ్మబలకడమూ తప్పే. జైలుశిక్షకు బీమా లేదు. జరిమానాను ఏ సంస్థా కట్టదు. మద్యం మత్తులో చేసిన పనికి, తెలిసి చేసిన నేరానికి, తన అర్హతకు మించిన పనికి రక్షణ ఉండదు. క్రిమినల్ కేసులో వకీలు ఖర్చు ఇస్తారా లేదా అన్నది పాలసీని బట్టి మారుతుంది, చదివి తెలుసుకోవలసినదే. వైద్యులపై క్రిమినల్ కేసు నమోదుకు ముందు మరొక నిపుణుడి అభిప్రాయం ఉండాలని, అలవాటు ప్రకారం అరెస్టు చేయరాదని 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మార్గదర్శకాల మాటలు వైద్యుల గురించినవి. అదే రక్షణను నర్సులకూ విస్తరింపజేస్తూ ఉత్తర్వు ఇవ్వాలని 2024లో కేరళ హైకోర్టు ఆ రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. గల్ఫ్ దాకా నర్సులను పంపిన రాష్ట్రంలో ఆ ప్రశ్న ముందుగా కోర్టుకెక్కడం సహజమే. తెలుగు, తమిళ రాష్ట్రాల నర్సుల సంఘాలు ఆ తీర్పును పట్టుకొని తమ ప్రభుత్వాలను అడగవచ్చు.

ఆరోపణ ఎంత వేగంగా నర్సు మీదికి మళ్లుతుందో 2023లో చెన్నై చూసింది. రాజీవ్ గాంధీ ప్రభుత్వ ఆసుపత్రిలో చికిత్స పొందుతున్న పసిబిడ్డ చేయి నల్లబడి, చివరకు దానిని తొలగించవలసి వచ్చింది. సెలైన్ సూది పెట్టిన తీరే కారణమని తల్లి ఆరోపించింది. టీవీల్లో నర్సులే దోషులన్నట్లు చర్చ నడిచింది. ప్రభుత్వం నియమించిన వైద్యుల కమిటీ నిర్లక్ష్యం కనబడలేదని నివేదించింది. ఆ బిడ్డ తరువాత కన్నుమూశాడు. కమిటీలో ఉన్నవారంతా ప్రభుత్వ వైద్యులే కదా అన్న అనుమానం ఆ తల్లికి కలిగితే తప్పుపట్టలేము. నివేదిక వచ్చేవరకు ఆ వార్డు నర్సులు పడిన నిందను ఎవరూ వెనక్కి తీసుకోలేదన్నదీ అంతే నిజం.

ఇతర దేశాలు ఈ చిక్కును రిజిస్ట్రేషన్ దగ్గరే విప్పాయి. బ్రిటన్‌లో 2014 జులై నుంచి తగిన ఇండెమ్నిటీ ఏర్పాటు లేనిదే నర్సుగా నమోదు కొనసాగదు. ఉద్యోగి అయితే యజమాని ఏర్పాటు సరిపోతుంది. ఎమిరేట్స్‌లో 2016 నాటి వైద్య బాధ్యతా చట్టం బీమా లేకుండా వృత్తి చేయడాన్నే నిషేధించింది. సత్యవేడు నర్సు దుబాయిలో దిగిన రోజున దొరికే రక్షణ, 50, 60 కిలోమీటర్ల దూరంలోని తిరువొత్తియూరులో దొరకకపోవడం విడ్డూరం. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో కేంద్రం 2023లో తెచ్చిన జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం రిజిస్టర్లు, విద్యాప్రమాణాలు, నైతిక నియమాల గురించి విపులంగా చెప్పింది. బీమా తప్పనిసరి అన్న మాట అందులో లేదు. ప్రభుత్వానికి ఈ ఆలోచన కొత్తదా అంటే కాదు. కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు చేసే వైద్యులపై, ఆసుపత్రులపై దావాలు పడితే ఒక్కొక్క కేసుకు 2 లక్షల దాకా, ఏడాదికి 4 కేసుల వరకు భరించే పథకం 2005లో బీమా రూపంలో మొదలైంది. 2013 నుంచి ప్రభుత్వమే నేరుగా దానిని నడుపుతోంది. కు.ని. శిబిరానికి వర్తించిన తర్కం ప్రసూతి వార్డుకు ఎందుకు వర్తించదో అధికారులు చెప్పవలసి ఉన్నది.

చట్టం మారేలోగా చేరే రోజున అడగగలిగినవి కొన్ని ఉన్నాయి. ఆసుపత్రికి పాలసీ ఉంటే దాని షెడ్యూలులో నర్సింగ్ సిబ్బంది చేరి ఉన్నారా, కేవలం డాక్టర్ల పేర్లే ఉన్నాయా చూడాలి. ఒక్క ఘటనకు ఎంత, ఏడాది మొత్తానికి ఎంత పరిమితి అన్నవి రెండు వేర్వేరు అంకెలు, రెండూ తెలుసుకోవాలి. పరిహారం సొమ్మును జీతంలో కోస్తామన్న షరతు నియామక పత్రంలో ఉంటే సంతకానికి ముందే కొట్టివేయమనాలి. డాక్టరు ఫోనులో చెప్పిన మందును ఇచ్చినప్పుడు సమయం, చెప్పినవారి పేరు కేస్ షీట్‌లో అప్పటికప్పుడే రాసి, తెల్లవారాక వారి సంతకం తీసుకోవాలి. కమిషన్ ముందు నిలిచేది ఆ రాత తప్ప జ్ఞాపకం కాదు. ఉద్యోగం మానేటప్పుడు అనుభవ పత్రంతో పాటు, తాను పనిచేసిన కాలానికి వర్తించే పాలసీ నంబరును, వెనుకటి తేదీని రాయించుకొని ఇంట్లో సర్టిఫికెట్ల పెట్టెలో ఉంచాలి. నోటీసు వచ్చేది ఆ ఇంటి చిరునామాకే.